కోడి ఎలా పెరిగిందో ప్యాకెట్టు మీద రాయించండి

సంపాదకులు గారికి,

నమస్కారం. చెన్నైలో అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్ దగ్గర మాకు ఒక ఆంధ్ర మెస్ ఉంది. నేను పుట్టింది నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర. పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. మా దగ్గర తినేవాళ్లలో ఎక్కువమంది మన వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చిన పిల్లలే. నెల్లూరు, ఒంగోలు, సూళ్లూరుపేట, చిత్తూరు. మామూలు రోజుల్లో ముప్పై కిలోల చికెన్ వండుతాం, ఆదివారం యాభై దాటుతుంది. గుడ్లు అట్టల లెక్కనే దిగుతాయి.

మాంసం మానేయమని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నేను దాన్ని వండి అమ్ముకుని బతికేదాన్ని. కానీ నేను వండే కోడి ఎలా బతికిందో నాకు తెలియాలి. నన్ను నమ్మి తినేవాళ్లకు నేను చెప్పగలగాలి. ఇవాళ ఆ దారి లేదు. ప్యాకెట్టు మీద ధర ఉంటుంది, బరువు ఉంటుంది, తేదీ ఉంటుంది, 14 అంకెల లైసెన్సు నంబరు ఉంటుంది. ఆ ప్రాణి ఎలాంటి చోట పెరిగిందో ఒక్క ముక్క ఉండదు.

మొన్న సూపర్ మార్కెట్టులో ఒక గుడ్ల పెట్టె చూశాను. మామూలు గుడ్డు ధరకు రెండింతలు పైనే ఉంది. పెట్టె మీద పచ్చిక బయలు, దాని మీద పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతున్న కోడిపెట్ట, వెనకాల పెంకుటిల్లు. పక్కన ఫ్రీ రేంజ్ అని పెద్ద అక్షరాలు, అంటే బయట తిరిగే కోళ్ల గుడ్లని. మెస్‌కి రోజూ కొనలేను గానీ, ఇంట్లో మనవరాలికి కొందామని తీసుకున్నాను. ఇంటికొచ్చి పెట్టె మీద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. ఫోన్ తీసిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. కోళ్లు రోజుకు ఎంతసేపు బయట తిరుగుతాయి, ఫారం ఏ ఊళ్లో ఉంది అని అడిగాను. "మా కోళ్లకు మూలికల దాణా పెడతాం మేడమ్" అంది. దాణా సంగతి కాదమ్మా, కోళ్లు కేజ్‌లో ఉంటాయా, నేల మీద ఉంటాయా అన్నాను. కనుక్కుని చెబుతామంది. మళ్లీ ఫోన్ రాలేదు.

ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. వాళ్లు అబద్ధం చెప్పారనడానికి నా దగ్గర ఆధారం లేదు. నిజం చెప్పారనడానికీ లేదు. నా బాధ అదే. ఆ బొమ్మ వేయడానికి ఎంత చోటు చూపించాలి, ఎన్ని గంటలు కోడిని బయట వదలాలి అని ఎవరూ వాళ్లను కొలిచి అడగడం లేదు. ఆర్గానిక్ అని రాయాలంటే 2017 నుంచి నిబంధనలు ఉన్నాయి, సర్టిఫికెట్ ఉండాలి, జైవిక్ భారత్ గుర్తు ఉంటుంది. మిగతా మాటలకు, బొమ్మలకు అలాంటి కొలత నాకు ఎక్కడా కనబడలేదు. ప్యాకెట్టు మీద చెప్పుకునేవన్నీ నిజంగా ఉండాలి, తప్పుదోవ పట్టించకూడదు అని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల్లో ఉంది. కానీ కోడి బయట తిరిగిందనే మాటకు కొలతే లేనప్పుడు, అది నిజమో కాదో ఎవరు తేలుస్తారు?

మన దేశానికి గుర్తులు వేయడం చేతకాదని కాదు. శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమ రంగు గుర్తు 2001 నుంచి ఉన్నాయి. రంగులు సరిగా పోల్చుకోలేని వాళ్లు ఇబ్బంది పడుతున్నారని 2020 నిబంధనల్లో మాంసాహారం గుర్తును గుండ్రం నుంచి త్రికోణంగా మార్చారు. 2022లో పాలు కూడా ముట్టని వాళ్ల కోసం వేగన్ గుర్తుకు నిబంధనలు తెచ్చారు. చాలా మంచి పనులు. మా అత్తగారు గుడ్డు కలిసిన కేకు కూడా తినరు. ఆ చుక్క లేకపోతే ఆవిడ ఒక్క బిస్కెట్ ప్యాకెట్టు కూడా ధైర్యంగా కొనలేరు. పది, అంతకన్నా ఎక్కువ చోట్ల హోటళ్లు నడిపేవాళ్లు ప్రతి ఐటమ్ పక్కన కెలోరీలు రాయాలని కూడా రూలు పెట్టారు. అంటే తిననివాడి నమ్మకాన్ని కాపాడడానికి గుర్తుంది, తినేవాడి నడుము కొలత కాపాడడానికి అంకె ఉంది. ఆ పళ్లెంలోకి ప్రాణం ఇచ్చిన జీవి గురించి మాత్రం ఏమీ లేదు.

ఆ జీవి ఎలా బతుకుతుందో నాకు కొంత తెలుసు. మా తమ్ముడికి ఊళ్లో బ్రాయిలర్ షెడ్డు ఉంది. కంపెనీతో ఒప్పందం. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, నీళ్లు, ఊక, కూలీలు, రాత్రి కాపలా తమ్ముడివి. బ్యాచ్ ఎత్తేటప్పుడు తూకం వేసి కిలోకి ఇన్ని రూపాయలని పెంపకం కూలి ఇస్తారు. ఎన్ని చచ్చాయి, ఎంత దాణాకు ఎంత బరువు పెరిగింది, ఈ రెండు లెక్కలే కంపెనీ చూస్తుంది.

ఒకరోజు పిల్ల వచ్చేటప్పుడు నలభై గ్రాములు ఉంటుంది. ఆరు వారాలు తిరిగేసరికి రెండు కిలోలు దాటుతుంది. హార్మోన్ ఇంజక్షన్లు వేసి పెంచుతారని మా మెస్‌లో పిల్లలు అనుకుంటూ ఉంటారు. అది నిజం కాదు. వేల కోళ్లకు ఒక్కొక్కదాన్నీ పట్టుకుని ఇంజక్షన్ వేసే తీరిక, ఖర్చు ఎవరికీ ఉండవు, ఆ అవసరమూ లేదు. త్వరగా బరువెక్కే కోళ్లనే దశాబ్దాల తరబడి ఏరి, వాటినే జత కట్టించి, ఆ జాతిని అలా తయారు చేశారు. తిన్నదంతా రొమ్ము కండకు పోతుంది. కాళ్లు, గుండె ఆ వేగాన్ని అందుకోలేవు. ఐదో వారం వచ్చేసరికి చాలా కోళ్లు నాలుగడుగులు వేసి కూలబడతాయి. ఒక్కో కోడికి దక్కే చోటు దాదాపు చదరపు అడుగు. అప్పటికి కింద ఉన్న ఊక రెట్టతో తడిసి ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం షెడ్డులోకి అడుగుపెడితే అమ్మోనియా ఘాటుకు కళ్లు మండి నీళ్లు కారతాయి. మనం రెండు నిమిషాల్లో బయటికి వచ్చేస్తాం. అవి ఆ ఊక మీదే కూర్చుని ఉంటాయి.

తడి ఊక మీద కూర్చుని కూర్చుని మోకీలు దగ్గర చర్మం కాలినట్టు నల్లబడుతుంది. ఇది నేను షెడ్డుకు వెళ్లి తెలుసుకున్నది కాదు, నా వంటింట్లో చూసింది. తోలుతో చికెన్ కొన్నప్పుడు ముక్కలు కడుగుతుంటే కాళ్ల కీళ్ల దగ్గర నల్లటి పక్కులు కనబడతాయి. రొమ్ము మీద ఒక్కోసారి పొక్కు ఉంటుంది. రెక్క మొదట్లో కమిలిపోయి నెత్తురు గడ్డకట్టి ఉంటుంది. అది కోడిని పట్టేటప్పుడో, క్రేటులోకి తోసేటప్పుడో అయిన గాయం. ఒక్కో చేతికి నాలుగైదు కోళ్లను కాళ్లు పట్టుకుని తలకిందులుగా మోస్తారు. రాత్రికి రాత్రి లారీ బయల్దేరుతుంది, తెల్లారేలోపు మద్రాసు చేరాలి. కత్తిరి ఎండల్లో లారీ ట్రాఫిక్‌లో చిక్కుకుంటే కింది క్రేటుల్లో ఉన్నవి ఊపిరాడక చచ్చిపోతాయి. మేం చికెన్ కొనే కొట్టు నడిపే బాయ్ చాలా నిక్కచ్చి మనిషి. చచ్చినవాటిని పక్కన పడేస్తాడు గానీ మాకు కోసి ఇవ్వడు. స్కిన్‌లెస్ అడిగితే తోలుతో పాటు ఆ మచ్చలన్నీ పోతాయి. అందుకే చాలామంది వాటిని చూసి ఉండరు. వంట మనిషిగా నేను చెప్పేది ఒకటే. ఆ కోడి ఎలా బతికిందో దాని ఒంటి మీద రాసి ఉంటుంది. కవరు మీదే రాయడం లేదు.

తమ్ముణ్ణి అడిగాను, కొంచెం ఎడంగా పెంచకూడదా, ఊక తరచూ మార్చకూడదా అని. వాడికి కోపం వచ్చింది.

"ఎడం ఉంటే కోడికి హాయిగా ఉంటుందని నాకు తెలీదా అక్కా? ఆ ఎడానికి డబ్బులిచ్చేది ఎవరు? నా కోడీ, పక్కోడి కోడీ ఒకే లారీ ఎక్కుతాయి. మద్రాసులో దిగాక ఏది ఎవరిదో నువ్వు పోల్చుకుంటావా?" అన్నాడు.

నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ మాటే. మంచిగా పెంచిన రైతుకు ఒక్క రూపాయి ఎక్కువ రావాలంటే అతని కోడి వేరుగా తెలియాలి. తెలిసే దారి లేనప్పుడు బాగా పెంచినవాడు నష్టపోతాడు, అట్టపెట్టె మీద పచ్చిక బొమ్మ వేయించినవాడు లాభపడతాడు. కోడి మీద జాలి ఉన్నవాళ్లు ఇచ్చే ఎక్కువ డబ్బు కోడికీ చేరదు, రైతుకీ చేరదు, బొమ్మ గీయించినవాడి జేబులోకి పోతుంది.

గుడ్లు పెట్టే కోళ్ల సంగతి ఇంకా కష్టం. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, రెండోది తమిళనాడుది. నేను పుట్టిన రాష్ట్రం, నేను బతుకుతున్న రాష్ట్రం. తణుకు, అనపర్తి పేర్లు గుడ్లతోనే గుర్తొస్తాయి, ఇక్కడ నామక్కల్ పేరు అంతే. ఈ ఫారాల్లో లేయర్ కోళ్లు వరుసగా పేర్చిన ఇనప కేజ్‌లలో ఉంటాయి. ఒక్కో కోడికి వచ్చే చోటు మామూలు ఎ4 కాగితం అంత కూడా ఉండదు. రెక్క పూర్తిగా చాపలేదు. మట్టిలో పొర్లలేదు. గుడ్డు పెట్టే ముందు ఏ కోడిపెట్టయినా మూల వెతుక్కుంటుంది, గడ్డీ గాదం పోగేసుకుంటుంది. మా అమ్మ బుట్టలో ఊక పోసి మంచం కింద పెట్టేది, పెట్ట అందులోకి దూరి గంటసేపు కదిలేది కాదు. కేజ్‌లో ఆ మూల లేదు. ఒకదాన్నొకటి పొడుచుకుంటాయని చిన్నప్పుడే కాల్చిన బ్లేడుతో ముక్కు కొస కత్తిరిస్తారు. ఏడాదిన్నర దాకా గుడ్లు పెట్టి, పెట్టడం తగ్గాక చవగ్గా అమ్ముడుపోతాయి. ఆ ముదురు మాంసాన్నే నాటుకోడి అని అంటగట్టేవాళ్లు కూడా ఉన్నారు. వండేవాళ్లం మాకు రుచిలో తెలుస్తుంది, కొనేవాళ్లకు తెలియదు.

ఇక మగపిల్లలు. లేయర్ జాతి మగపిల్ల గుడ్డు పెట్టదు, బ్రాయిలర్ లాగా కండ పట్టదు. అందుకని హేచరీలో పుట్టిన రోజే చంపేస్తారు. కొన్నిటికి గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి ఊళ్లలో బుట్టల్లో పెట్టుకుని అమ్మేవాళ్లు. చిన్నప్పుడు మేమంతా మారాం చేసి కొనిపించుకున్నాం, నాలుగు రోజులకే చచ్చిపోయేవి. జర్మనీలో 2022 జనవరి నుంచి ఇలా మగపిల్లల్ని చంపడాన్ని నిషేధించారు. మన దగ్గర ఆ మాట ఎత్తేవాళ్లే తక్కువ.

గోధుమ రంగు పెంకు చూసి నాటు గుడ్డని మురిసిపోయేవాళ్లకు ఒక మాట. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది. పచ్చసొన రంగు అది తిన్న దాణాను బట్టి వస్తుంది. ఈ రెండూ కేజ్‌లో ఉన్న కోడికీ వస్తాయి. అలాగే రంగురంగుల ఈకలున్న ప్రతి కోడీ నాటుది కాదు. బెంగళూరు హెబ్బాళలో గిరిరాజను, హైదరాబాదు రాజేంద్రనగర్‌లో వనరాజను, గ్రామప్రియను శాస్త్రవేత్తలే తయారు చేశారు, పెరట్లో పెంచుకునే పేదవాళ్ల కోసం. చాలా మంచి కోళ్లు. కానీ వాటినీ షెడ్డులో కిక్కిరిసి పెంచవచ్చు. కాబట్టి జాతి పేరు ఒక్కటీ రాస్తే చాలదు, ఎలా పెంచారో రాయాలి.

ఎక్కడ పెరిగిందో కూడా రాయాలి. 2024 ఫిబ్రవరిలో మా పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చింది. ఊరి నుంచి ఫోన్లు, టీవీల్లో వార్తలు. మెస్‌లో పిల్లలు "అక్కా, మన చికెన్ ఎక్కడి నుంచి వస్తుంది?" అని అడిగారు. బాయ్‌ని అడిగాను, ఆయన హోల్‌సేల్ వాళ్లను అడిగాడు. వాళ్లు ఒకరు చిత్తూరు అన్నారు, ఇంకొకరు కృష్ణగిరి అన్నారు, కలిపి దింపుతాం అన్నారు. టెన్షన్ భరించలేక కొన్నాళ్లు కోడి వండడమే మానేశాం. ఎక్కడో దూరాన, ఏ సంబంధం లేని జిల్లాలో కోళ్లు పెంచిన రైతులు కూడా ఆ దెబ్బకు నష్టపోయారు. జిల్లా పేరు ఉన్న ఒక్క చీటీ క్రేటు మీద ఉంటే వాళ్లకు ఆ నష్టం ఎంతో కొంత తగ్గేది.

ఇదంతా మన దేశంలో కుదరదని కొందరంటారు. యూరప్ దేశాల్లో 2004 నుంచి ప్రతి గుడ్డు మీదా ఒక అంకె కొట్టాలి. 0 అంటే ఆర్గానిక్, 1 అంటే బయట తిరిగిన కోడి, 2 అంటే షెడ్డులో నేల మీద పెరిగింది, 3 అంటే కేజ్. అంకె పక్కన దేశం, ఫారం గుర్తు. చదువురాని ముసలావిడ కూడా అంకె చూసి గుడ్డు ఏరుకోవచ్చు. అక్కడ కోడికి 550 చదరపు సెంటీమీటర్లు మాత్రమే ఇచ్చే పాత రకం కేజ్‌లను 2012 నుంచి పూర్తిగా నిషేధించారు. ఎ4 కాగితం 620 పైన ఉంటుంది, లెక్క చూసుకోండి. పంది మాంసం మీద పెంపకం పద్ధతిని అయిదు మెట్లుగా రాయాలని జర్మనీ 2023లో చట్టం కూడా చేసింది. దాని అమలు వాయిదాలు పడుతోంది, అక్కడా ఒత్తిళ్లు ఉన్నాయి.

గుడ్డు మీద ముద్ర కొట్టడం యూరప్ వాళ్లకే సాధ్యమా? ఆంధ్రలో బడి పిల్లలకు, అంగన్‌వాడీలకు ఇచ్చే గుడ్లు బయట అమ్ముకోకుండా, పాతవి అంటగట్టకుండా వాటి మీద రంగు ముద్రలు కొట్టించారు. ఇక్కడ తమిళనాడులోనూ సత్తుణవు (బడి మధ్యాహ్న భోజనం) గుడ్ల మీద ప్రభుత్వ ముద్ర ఉంటుంది. దొంగతనం ఆపడానికి లక్షల గుడ్ల మీద ముద్ర వేయగలిగినప్పుడు, కోడి ఎక్కడ పెరిగిందో చెప్పడానికి ఒక అంకె వేయలేమా? పులియంతోపు కబేళాలో డాక్టరు పరీక్షించిన మేక మాంసం మీద కార్పొరేషన్ ముద్ర వేయడం ఈ ఊరికి ఎప్పటినుంచో తెలుసు. ముద్ర ఉన్న మటన్ అడిగి కొనే అలవాటు పాత మద్రాసు వాళ్లకు ఇప్పటికీ ఉంది. జనం గుర్తు చూడరు, ధరే చూస్తారు అనేవాళ్లకు అదే నా జవాబు.

ఈ విషయంలో చెన్నైకి ఒక బాధ్యత ఉందని కూడా నాకు అనిపిస్తుంది. జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపే చట్టం కోసం రాజ్యసభలో పట్టుబట్టింది ఈ ఊరి రుక్మిణీదేవి అరండేల్, కళాక్షేత్ర స్థాపించిన ఆవిడ. 1960లో చట్టం వచ్చింది. 1962లో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడితే ఆవిడే నడిపించారు. దాని కార్యాలయం దశాబ్దాల పాటు ఇక్కడే ఉండేది, తర్వాత హర్యానాకు తరలించారు. ఆ చట్టం 11వ సెక్షన్‌లో, కదలడానికి తగినంత చోటు లేని పంజరంలో జంతువును ఉంచడం నేరమని స్పష్టంగా రాసి ఉంది. మొదటిసారి నేరానికి జరిమానా మాత్రం 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. ఆ డబ్బుకు మా మెస్‌లో ప్లేటు చికెన్ ఫ్రై కూడా రాదు. 2014లో జల్లికట్టు కేసు తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు జంతువులకు అయిదు స్వేచ్ఛలు ఉండాలంది. ఆకలి దప్పులు లేకపోవడం, భయం లేకపోవడం, ఎండ వాన ఇరుకు బాధలు లేకపోవడం, నొప్పీ రోగమూ లేకపోవడం, తన జాతి సహజంగా చేసే పనులు చేసుకోగలగడం. జల్లికట్టు సంగతి తర్వాత మారింది, 2023లో రాజ్యాంగ ధర్మాసనం కొత్త చట్టాలను సమర్థించింది. నేను ఆ వాదంలోకి పోవడం లేదు. ఎద్దుకు చెప్పిన ఆ అయిదూ కోడికి వర్తించవని మాత్రం ఎవరూ అనలేరు. 2017లో లా కమిషన్ తన 269వ నివేదిక మొత్తం కోళ్ల గురించే ఇచ్చింది. కేజ్‌లో పెంచిన కోళ్ల ఉత్పత్తులకూ, కేజ్ లేకుండా పెంచినవాటికీ తేడా తెలిసేలా ఫారాలకు సర్టిఫికెట్లు ఇవ్వాలని అందులో ఉంది. దాని ఫలితం మా బజారులో ఒక్క గుడ్డు మీద కూడా నాకు కనబడలేదు.

ఒక విషయం కొంచెం జంకుతూనే రాస్తున్నాను. మాంసం, జీవకారుణ్యం అనగానే మన దగ్గర చర్చంతా ఎవరు కోశారు, ఎలా కోశారు అన్నదాని మీదకు పోతుంది. మతాల గొడవగా మారుతుంది. కోసే మనిషి మన కళ్లెదురుగా ఉంటాడు, నిందించడం సులువు. కోడి బతికిన ఆరు వారాలు, లేయర్ కోడి బతికిన ఏడాదిన్నర, లారీలో గడిపిన రాత్రి, ఇవన్నీ వదిలేసి చివరి నిమిషం గురించే కొట్టుకుంటాం. మా బాయ్ కొట్టులో కోడి పడే బాధ నిజమే. కానీ అంతకు ముందు అది పడిన బాధకు ఆయన కారణం కాదు. నేను అడిగే గుర్తు పెంపకం గురించి. దానికి మతం లేదు.

ధర పెరుగుతుందని, పేదవాడికి గుడ్డు దూరమవుతుందని అంటారు. ఇది నిజంగా ఆలోచించాల్సిన మాట. మా మెస్‌లో రోజు కూలీలు కూడా తింటారు, వాళ్లకు దొరికే గట్టి తిండి ఆ గుడ్డే. గుడ్డు ధర పెంచాలని నేను అనను. కేజ్ గుడ్డును రేపే ఆపేయమనీ అనడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాయమంటున్నాను. అంకె కొట్టడానికి గుడ్డుకు పడే ఖర్చు చాలా తక్కువ. ఇప్పుడు ఎక్కువ ధర పెట్టి బొమ్మలు కొంటున్నవాళ్లు, అదే ధరకు నిజంగా బయట తిరిగిన కోడి గుడ్డు కొంటారు. ఆ డబ్బు అలా పెంచే రైతుకు పోతుంది. 2019 పశుగణనలో మన దేశంలో పెరటి కోళ్లు 31 కోట్ల 70 లక్షలని తేలింది. అంతకు ముందు లెక్క కన్నా దాదాపు 46 శాతం ఎక్కువ. వాటిని పెంచేది ఎక్కువగా ఆడవాళ్లే. మా అమ్మ గుడ్లమ్మిన డబ్బులతోనే మాకు బడి పుస్తకాలు కొన్నది. అలాంటివాళ్ల గుడ్డుకు ఒక అంకె దొరికితే, బొమ్మల పెట్టెలతో వాళ్లు పోటీ పడగలరు.

మా వరకు మేం ఒక పని చేశాం. మెనూ బోర్డు మీద చికెన్ కింద "బ్రాయిలర్, షెడ్డు పెంపకం" అని రాయించాను. నాటుకోడి పులుసు పెట్టే ఆదివారం అది ఏ ఊరి నుంచి వచ్చిందో, పెరట్లో తిరిగిందో లేదో రాస్తాను. ఖాయంగా రాయలేని వారం నాటుకోడి వండను. ఇది చూసి ఒకరిద్దరు ముఖం చిట్లించారు, తినేముందు ఇవన్నీ ఎందుకక్కా అన్నారు. ఎక్కువమంది ఆగి చదివారు. ఒక అబ్బాయి తన ఊళ్లో అమ్మ పెంచే కోళ్లు పంపించవచ్చా అని అడిగాడు, ఇప్పుడు ఆ ఇంటి నుంచి నెలకు కొన్ని వస్తున్నాయి. ఆ తల్లికి బజారు ధర కన్నా ఎక్కువ ఇస్తున్నాం, ప్లేటు ధర కొంచెం పెంచాం, ఆదివారం మధ్యాహ్నం రెండింటికల్లా అయిపోతోంది.

ఒక మెస్ చేస్తే చాలదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్లు ప్రతి గుడ్డు మీద పెంపకం అంకె కొట్టించాలి. ప్యాకెట్టు చికెన్ మీద కోడి రకం, పెంచిన పద్ధతి, కోసేటప్పటి వయసు, ఫారం ఉన్న జిల్లా రాయించాలి. కోడి అడుగు పెట్టని పచ్చికను పెట్టె మీద అచ్చు వేయకుండా ఆపాలి. ప్యాకెట్టు లేని కొట్లలో ధర రాసే పలక మీదే ఇవి కూడా రాయిస్తే చాలు. ముందుగా గుడ్లతో మొదలుపెట్టినా సంతోషమే. ఎక్కువ గుడ్లు ఇచ్చే ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలు తమ బడుల గుడ్ల మీద ఇప్పటికే ఉన్న ముద్ర పక్కన ఈ అంకె కలిపితే, కొత్త యంత్రాంగం కోసం ఎదురుచూసే పని కూడా ఉండదు.

ఫ్రీ రేంజ్ అనే మాటకు కొలత ఏమిటి, దాన్ని ఎవరు తనిఖీ చేస్తున్నారు, లా కమిషన్ చెప్పిన సర్టిఫికెట్లు ఎక్కడిదాకా వచ్చాయి అని మీ విలేకరులు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అధికారులనూ, రెండు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలనూ అడగాలని నా విన్నపం. వాళ్లు ఏం చెప్పినా మీ పత్రికలో వేయండి. మా మెస్‌లో రోజూ మీ పేపరే వేయించుకుంటాం, ఆ జవాబు కత్తిరించి మెనూ బోర్డు పక్కనే అంటిస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఆంధ్ర మెస్ నిర్వాహకురాలు,
అంబత్తూరు, చెన్నై.